పదిహేడో మంచం

మా ఇంటి వెనక వాటాలో అద్దెకుండే కనకరత్నం గారు 1976 వేసవిలో ఏదో సమావేశానికని ఢిల్లీ వెళ్ళి, వారం తరవాత ఆరు కట్టల కాగితాలతో రిక్షా దిగారు. ఆవిడ నర్సింగు స్కూల్లో టీచరు. పెళ్ళి చేసుకోలేదు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. వాళ్ళదీ మాదీ కోనసీమే కావడంతో ఆవిడ మల్కాపురం వచ్చిన వారానికే మా రెండు వంటిళ్ళ మధ్య ఊరగాయ గిన్నెలు తిరగడం మొదలైంది.

"ఏమిటండీ ఇవి?" అంటూ ఒక కట్ట అందుకున్నాను.

"దేశం మొత్తం మీద నర్సులు చేసిన పరిశోధనలమ్మా. ఇప్పటికి ఆరు దొరికాయి."

"అన్నీ కలిపి ఎన్నుంటాయి?"

"అదే ఎవరికీ తెలీదు," అన్నారు, అదేదో శుభవార్త అయినట్టు.

పై చదువు చదివే ప్రతి నర్సూ ఒక పరిశోధన చేసి రాయాలట. టైపు చేయించి ఒక కాపీ కాలేజీకిచ్చి, ఇంకొకటి తన ట్రంకుపెట్టెలో పెట్టుకుంటుంది. తరవాత పెళ్ళవుతుంది, బదిలీ అవుతుంది, పెట్టెకి చెద పడుతుంది. కేరళలో ఒకమ్మాయి రెండేళ్ళు కష్టపడి కనుక్కున్నదాన్ని పంజాబులో ఇంకో అమ్మాయి మళ్ళీ మొదటినుంచీ వెతుక్కుంటుంది. అందుకని నర్సుల సంఘం వాళ్ళు దేశంలోని పరిశోధనలన్నీ ఒకచోట చేర్చాలని తీర్మానించారు. ఎక్కడ అనేసరికి ఎవరి దగ్గరా గది లేదు. కనకరత్నం గారు చెయ్యెత్తారు. గది ఆవిడ దగ్గరా లేదు. తిరిగొచ్చాక ప్రిన్సిపాలు గారి చుట్టూ నెల్లాళ్ళు తిరిగి, స్కూల్లో పాత దుప్పట్లు దాచే గది సంపాదించారు.

"నీకు టైపు వచ్చుగా కామేశ్వరీ, మధ్యాహ్నాలు ఏం చేస్తున్నావు?" అని అడిగారు ఒకరోజు.

పెళ్ళికి ముందు కాకినాడలో బి.ఏ. చదువుతూ టైపు లోయరు పాసయ్యాను. పెళ్ళయ్యాక ఆ వేళ్ళతో బియ్యంలో రాళ్ళేరడం తప్ప చేసిందేమీ లేదు. మా ఆయన రమణమూర్తి గారు పోర్టు ఆఫీసుకీ, పిల్లలిద్దరూ బడికీ వెళ్ళాక, ఆరేసిన బట్టల మీద రేవులోని ఇనపరాతి ఎర్రదుమ్ము పడకముందే తీసేసి, పన్నెండున్నరకి నేనూ ఆ గదికి నడిచేదాన్ని. నాలుగింటికి తిరిగొచ్చేదాన్ని. అలా ఎనిమిదేళ్ళు.

ఆ గది వాసన ఇప్పటికీ చెప్పగలను. ఎండిన వేపాకు, వస కొమ్ము, కలరా ఉండలు, వాటి కిందనుంచి ఎప్పటికీ పోని దుప్పట్ల గంజి వాసన. కిటికీలోంచి ఓడల కూత వినబడేది. పోస్టులో కట్ట వచ్చిందంటే ఇద్దరం పండగ చేసుకునేవాళ్ళం. దారం విప్పడం ఆవిడ వంతు. తెరిచి అట్టమీద ఊరి పేరు చదవడం నా వంతు. లూధియానా, వెల్లూరు, ఇందోరు. పోర్టులో పనికిరాని ఫారాలు మా ఆయన తెచ్చిపెడితే, వాటి ఖాళీ వైపున ఒక్కో పుస్తకానికి ఒక్కో కార్డు రాసేదాన్ని. ఇంటిపేరు వరసన అమర్చమని ఢిల్లీ నుంచి వచ్చిన కాగితంలో ఉండేది. మన ఆడవాళ్ళకి పెళ్ళితో ఇంటిపేరు మారిపోతుంది, అరవ నర్సులకి అసలు ఇంటిపేరే ఉండదు. చివరికి పుట్టింటి పేరుతో ఒకటీ, అత్తింటి పేరుతో ఒకటీ, ఉత్త పేరుతో ఒకటీ మూడేసి కార్డులు రాశాను. ఏ పేరుతో వెతుక్కుంటూ వచ్చినా మనిషి దొరకాలి కదా.

కార్డు రాయాలంటే పుస్తకం చదవాలి. అలా చాలా తెలుసుకున్నాను. తొలి కాన్పు ఆడది దేనికి భయపడుతుందో, జ్వరం చూసే గాజుగొట్టం నోట్లో ఎన్ని నిమిషాలుంచాలో, రాత్రి డ్యూటీ నర్సు ఎన్ని మైళ్ళు నడుస్తుందో. ఇవన్నీ ఎవరో నిలబడి, గడియారం పట్టుకుని లెక్కపెట్టి రాసినవి. అవి చదివాక ఆసుపత్రిలో తెల్లబట్టల మనిషి కనిపిస్తే లేచి నిలబడాలనిపించేది.

నాకో అలవాటుంది. వంకరగా ఉన్నదేదీ చూసి ఊరుకోలేను. చీర మడత అంగుళం జారితే మళ్ళీ విప్పి మడతపెడతాను. ఆ కాగితాల్లో అక్షరం తప్పు కనిపిస్తే పెన్సిలు దానంతటదే కదిలేది. పాడైన పేజీలు తిరిగి టైపు చేసేటప్పుడు చిన్నచిన్నవి సరిచేసేసేదాన్ని. కనకరత్నం గారు చూసి, "నీ చేతిలో పడితే కాగితం కూడా తలదువ్వుకుంటుందే," అని మెచ్చుకునేవారు. దాంతో నాకింకా ధైర్యం వచ్చింది.

1979 వానల్లో గది పైకప్పు ఒక మూల కారింది. నాలుగు పుస్తకాలు తడిశాయి. మూడు ఎండకి కోలుకున్నాయి. నాలుగోది నాగమణిది.

నాగమణి బొబ్బిలి వైపు పిల్ల. మా స్కూల్లోనే చదివి, ఎముకల వార్డులో పనిచేస్తూ ఆ పరిశోధన చేసింది. తాడిచెట్టు మీంచో పరంజా మీంచో పడి నడుం విరిగినవాళ్ళు నెలల తరబడి ఒకే వైపు పడుకుని ఉంటే వీపున పుళ్ళు పడతాయి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతూ ఉండాలి. వార్డుకి ఉన్న ఇద్దరు నర్సులతో అది కాని పని. పక్కనుండే పెళ్ళాలకీ తల్లులకీ నేర్పుదామంటే వాళ్ళకి గడియారం చూడటం రాదు. అందుకని నాగమణి రెండు గంటలకోసారి వార్డులో గంట కొట్టించింది. ఎడమకి తిప్పితే ఎర్ర గుడ్డపీలిక మంచం ఎడమ కమ్మీకి కట్టాలి, కుడికి తిప్పితే కుడి కమ్మీకి. అంతే. ముప్పై ఒక్క మందిని ఇరవైయొక్క రోజులు చూసి, ఎవరికి పుండు పడిందో, ఎవరికి పడలేదో రాసింది.

తడిసి ఒకదానికొకటి అంటుకున్న ఆ పేజీలను విడదీసి టైపుకి కూర్చున్నాను. పట్టికలో లెక్క కుదరలేదు. పుండు పడనివాళ్ళు పంతొమ్మిది, చిన్న పుండు ఏడు, పెద్దది నాలుగు. కూడితే ముప్పై. కింద మాత్రం ముప్పై ఒకటని ఉంది. రోగుల జాబితా చూస్తే పదిహేడో నెంబరు ఎదురుగా ఉత్త గీత. దాని కింద రెండు వరసలు సిరా అలుక్కుపోయి చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి. టైపు చేసినవాడి పొరపాటనుకున్నాను. ఖాళీ వరసనీ, కింద చదవరాని ఆ రెండు వరసల్నీ తీసేసి, పద్ధెనిమిదిని పదిహేడు చేసి, చివరిదాకా నెంబర్లు జరిపాను. లోపల ముప్పై ఒకటని ఉన్న చోటల్లా ముప్పై చేశాను. ఇప్పుడు ఎటు కూడినా సరిపోయింది. ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. అట్టకట్టిన పాత పేజీలు ఇంటికి తెచ్చి నీళ్ళ బాయిలర్లో వేశాను.

ఆ తరవాత నాలుగేళ్ళు అది నాకు గుర్తుకూడా రాలేదు.

1983 జూలైలో నాగమణి ఒక ఉత్తరం పట్టుకుని గదిలోకి వచ్చింది. అప్పటికి పార్వతీపురంలో పనిచేస్తోంది. మనిషి చిక్కింది. ఢిల్లీలో పెద్ద చదువుకి సీటు వచ్చిందని అంతకు నెల ముందే కార్డు రాసింది. స్వీట్లు తెచ్చిందేమోనని నేను లేచాను.

"కూకో అక్కా," అంది. "మేడమ్, ఇది సదవండి."

కనకరత్నం గారు కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివారు. ఢిల్లీ నుంచి సంఘం వాళ్ళు రాసింది. సీటిచ్చిన కాలేజీలోనే ఎవరో ప్రొఫెసరు గారు నాగమణి పద్ధతి తమ ఆసుపత్రిలో పెడదామని మా దగ్గరనుంచి కాపీ తెప్పించుకున్నారట. 1978లో సంఘం పత్రికలో నాగమణే రాసిన క్లుప్త వ్యాసంలో ముప్పై ఒక్క మంది అని ఉంది. కాపీలో ముప్పై. ఫలితం బాగుండటానికి ఒక రోగిని దాచేసిందా? నెల్లోగా సంజాయిషీ ఇవ్వకపోతే సీటు రద్దు చేస్తారు, పరిశోధనని జాతీయ సేకరణ నుంచి తీసేస్తారు.

"నాను ఎవుల్నీ దాసనేదు మేడమ్. పదేడో మంచమోడు తొమ్మిదో రోజున సెప్పకుండా ఎలిపోనాడు. అదే రాసినాను. గీత పెట్టి కింద కారణం కూడా రాసినాను. నా కాపీ బదిలీల్లో పోయింది. మనకాడిది సూపిస్తే సాలు."

పుస్తకం తీసిచ్చాను. అది ఎక్కడుందో కార్డు చూడకుండానే నాకు తెలుసు. నాగమణి ఆ పేజీ తెరిచి వేలు కిందికి జార్చుకుంటూ వెళ్ళి, ఆగి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది.

"నా పదేడో మంచం ఏదక్కా?"

"వానకి... పాడైతే తిరగ టైపు చేశాం," అన్నాను.

"మరి పాత కాయితాలు?"

"లేవు."

పిల్లలొచ్చే వేళైందని చెప్పి ఇంటికొచ్చేశాను. ఆ సాయంత్రం ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాను. సంగతి విని మా ఆయన, "ఏమోయ్, నువ్వేమన్నా అక్కడ జీతానికున్నావా? వానకి పాడైందని చెప్పావు, అది నిజమేగా. మిగతాది వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు," అన్నారు. మంచికే అన్నారు. కానీ ఆ అమ్మాయి వేలు పేజీ మీద మళ్ళీ పైకి వెళ్ళడం నా కళ్ళలోంచి పోలేదు. అయిదేళ్ళ కిందట మంచం మంచానికీ తిరిగి లెక్కపెట్టిన వేలది.

మర్నాడు పన్నెండున్నర దాకా ఆగలేదు. పొద్దున్నే వెనక వాటా తలుపు కొట్టాను. నాగమణి రాత్రి అక్కడే పడుకుంది. తల దువ్వుకుంటోంది.

"ఆ వరస తీసేసింది నేనే," అన్నాను. "లెక్క తప్పిందనుకుని సరిచేశాను. పాత పేజీలు బాయిలర్లో వేశాను."

నాగమణి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "సరిసేసినావా? నా లెక్క నువ్వు సరిసేసినావా? నన్నడిగితే నోరు పడిపోద్దేటి అక్కా? పోస్టుకార్డు నేదేటి దేశంలో?"

కాఫీ పొంగి స్టవ్ ఆరిపోయింది. కనకరత్నం గారు గిన్నె దించారు.

"ఇలాగని ఢిల్లీకి రాస్తే ఏమవుతుందో తెలుసా కామేశ్వరీ?" అన్నారు. "నర్సు కూడా కాని బయటి మనిషి చేతికి కాగితాలు వదిలేశానంటారు. ఈ గదిని ఢిల్లీ పట్టుకుపోవాలని రెండేళ్ళనుంచీ చూస్తున్నారు. ఇప్పుడు నేనే తలుపు తీసి రమ్మన్నట్టు."

"తెలుసండీ."

"అయితే పద. మిషను దగ్గర కూర్చో. జరిగింది జరిగినట్టు కొట్టు. ఒక్క అక్షరం సర్దకు."

ఉత్తరం ఒకటిన్నర పేజీ వచ్చింది. కింద నా పేరు, మా ఇంటి నెంబరు, "గృహిణి" అని టైపు చేశాను. కానీ నా ఒక్క మాటతో వాళ్ళు నమ్ముతారని నమ్మకమేమిటి? స్నేహితురాల్ని కాపాడుతోందనుకోవచ్చు. వార్డులో అప్పటి చీటీలు ఎప్పుడో తగలబెట్టేశారు. పదిహేడో మంచం రోగి నిజంగా ఉన్నాడనీ, నిజంగా వెళ్ళిపోయాడనీ చెప్పడానికి అతనైనా ఉండాలి, అతని భార్య అయినా ఉండాలి. ఆమె పేరు జోగమ్మ. ఊరు పెందుర్తి అవతల అని నాగమణికి గుర్తుంది.

రెండు బస్సులు మారి పెందుర్తిలో దిగి, మూడు మైళ్ళు నడిచాం. దారిలో నాగమణి నాతో పలకలేదు. నా గొడుగు కిందికి మాత్రం వచ్చింది. జోగమ్మ వాకిట్లో చింతపండు పిక్క తీస్తోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఓలమ్మ, సిస్టరమ్మే! ఇన్నాల్లకి గేపకమొచ్చినానేటి నీకు?"

"నువ్వు సెప్పకుండా ఎలిపోనావు కదేటి. ఎతుక్కుంటా వొచ్చినాను," అంది నాగమణి.

"సెప్తే ఎల్లనిస్తావేటి నువ్వు? కోతలొచ్చీసినాయి. సేను ఎవులు కోత్తారు, నీ డాట్రు కోత్తాడా? బండి కట్టించీసి తెచ్చీసుకున్నాను." అని నవ్వి, నా వైపు తిరిగి, "నీ ఎర్ర పీలిక కూడా కొట్టుకొచ్చీసినానని సెప్పుకోకమ్మా," అంది, ఎర్ర పీలిక నాదైనట్టు.

"మరి ఇంటికాడ గంట ఎవులు కొట్టినారు?" అడిగింది నాగమణి.

"గంటెందుకు? రైల్లు పోతన్నాయి కదా. ఓ బండికి ఎడం పక్క, ఇంకో బండికి కుడి పక్క. మూడేల్లు తిప్పినాను సిస్టరమ్మా. ముందటేడు జొరమొచ్చి పోనాడు." ఆమె చింతపండు చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఒంటి మీద పుండు నేదు. నీల్లు పోసినోల్లు కూడా అనుకున్నారు."

జోగమ్మ మజ్జిగ ఇచ్చింది. తొమ్మిదో రోజున ఆసుపత్రి నుంచి చెప్పకుండా వెళ్ళిపోయామని నేను తెలుగులో రాసి చదివి వినిపిస్తే, వేలిముద్ర వేసింది. ఊరి మాస్టారు శ్రీరామ్మూర్తి గారు సాక్షి సంతకం చేశారు.

తిరిగి నడుస్తుంటే నా మనసు ఎగిరెగిరి పడుతోంది. "నాగమణీ, ఇంకేం! పుండు పడనివాళ్ళు పంతొమ్మిది కాదు, ఇరవై. ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ సరిపోయింది. అలాగే రాద్దాం," అన్నాను.

నాగమణి ఆగి నన్ను చూసింది. కోపంగా కాదు, చంటిపిల్ల మళ్ళీ నిప్పు దగ్గరికి పోతుంటే చూసినట్టు.

"నాను సూసింది తొమ్మిది రోజులే అక్కా. ఆ తరవాత సూసింది జోగమ్మ. నాను సూడనిది నా కాయితంలో ఎలా రాస్తాను? గీతే ఉంటాది."

"మూడేళ్ళు తిప్పిందే ఆవిడ!"

"తిప్పింది. అది నా పరిశోదన కాదు. జోగమ్మది."

బస్సులో కూర్చున్నాక, కిటికీ వైపు చూస్తూ తనే అంది: "నీకు ఖాలీ అంటే బయ్యం అక్కా. ఇంట్లో డబ్బాలన్నీ నిండా ఉండాలనుకుంటావు కదా, అలాగ." నిజానికి ఆ ఉదయమే కందిపప్పు డబ్బా సగమైందని మనసులో రాసుకుని బయల్దేరాను.

ఉత్తరం, వేలిముద్ర కాగితం కలిపి రిజిస్టర్డు పోస్టులో పంపాం. నాగమణి సెలవు పెట్టుకుని రెండు రోజులు ఉండి, చెప్పింది చెప్పినట్టు ఆ పేజీలు నాచేత తిరగ టైపు చేయించింది. పదిహేడు దగ్గర గీత పెట్టి, కింద కారణం, ఆ కింద "ఈ పేజీ 1979లో తప్పుగా మార్చబడినది, 1983లో రచయిత్రి చెప్పగా తిరిగి రాయబడినది" అని కొట్టాను. అది అంత అందమైన పేజీ కాదు.

జవాబు రావడానికి ఆరు వారాలు పట్టింది. గడువు దాటిపోయిందని నాగమణి పార్వతీపురం నుంచి రోజు విడిచి రోజు కార్డు రాసేది. వచ్చిన జవాబు రెండు పేరాలు. మొదటి పేరాలో నాగమణి మీద వచ్చిన అనుమానం తొలగిందనీ, సీటు అలాగే ఉందనీ. రెండో పేరాలో, అర్హత లేని వ్యక్తులు కాగితాలు ముట్టుకోవడం విచారకరమనీ, వచ్చే ఏడాదిలోగా సేకరణ మొత్తం ఢిల్లీకి తరలించాలనీ.

కనకరత్నం గారు మొదటి పేరా మాత్రం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఎన్నున్నాయి మన దగ్గర?" అన్నారు, తెలిసి కూడా.

"నాలుగు వందల పన్నెండు."

"ఆరుతో మొదలుపెట్టాం."

క్షమించమని అడిగాను. "కాఫీ పెట్టు," అన్నారు. ఆ తరవాత ఆ మాట మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. నన్ను గదికి రావద్దని కూడా అనలేదు. మిగిలిన ఏడాదీ నేను ఒక్కటే పని చేశాను. నాలుగు వందల పన్నెండూ మొదటినుంచీ తిరగేసి, నా పెన్సిలు ఎక్కడెక్కడ పడిందో, నా టైపు ఎక్కడెక్కడ ఉందో వెతికాను. ఇరవై మూడు చోట్ల దొరికింది. చాలావరకు కామాలు, ఒత్తులు. ఒక్కో చోటా చీటీ అంటించి, ఇక్కడ ముందు ఫలానా ఉండేది, నేను మార్చాను అని రాసి సంతకం చేశాను. గుర్తులేని చోట గుర్తులేదని రాశాను.

1984 అక్టోబరులో వడ్రంగి పోలిరాజు పధ్నాలుగు చెక్కపెట్టెలు చేసి తెచ్చాడు. అడుగున వేపాకు పరిచి, అక్షరాల వరసన సర్దాం. గది ఖాళీ అవుతున్నకొద్దీ గంజి వాసన పైకి వచ్చింది. నాగమణి ఢిల్లీ నుంచి సెలవులకి వచ్చి, మేకులు కొట్టే రోజుకి సరిగ్గా చేరుకుంది. కాస్త ఒళ్ళు చేసింది. మాటల్లో హిందీ ముక్కలు పడుతున్నాయి. ఢిల్లీలో ఈ పెట్టెలు విప్పేది తనేనని చెప్పింది. సెలవు రోజుల్లో సర్దిపెడతానని తనే అడిగి ఒప్పించుకుందట. కనకరత్నం గారు ఏదో ఒకటి ఇవ్వాలనిపించి, చేతికందిన తన కళ్ళజోడు పెట్టె తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, అది లేనిదే తనకి గడవదని గుర్తొచ్చి మళ్ళీ తీసుకున్నారు. ముగ్గురం నవ్వాం.

చివరి పెట్టెలో తన పుస్తకం పెట్టబోతుంటే నాగమణి నా చేతిలోంచి అందుకుంది.

"మళ్లీ ఏటైనా సర్దీసినావేటి అక్కా?"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టెందుకు, నువ్వే చూసుకో."

వేళాకోళానికి అందేమో అనుకున్నాను. కాదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూచుని, ఆ పేజీ తీసి, వేలు పెట్టి ఒకటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పోలిరాజు సుత్తి పట్టుకుని ఆగాడు. పదిహేడు దగ్గర వేలు క్షణం నిలిచి, దాటింది.

"ముప్పై ఒకటి," అని మూసి, పుస్తకం నాకే ఇచ్చింది, పెట్టెలో పెట్టమని.